మైనం కింద పగుళ్లు

ఆ హోటలు ముందు తలుపు తీసి పట్టుకునే మనిషిని అందరూ దొరగారనే పిలిచేవాళ్లు. ఆయన దొర కాదు, దొరలకు తలుపు తీసేవాడు. మెరిసే గుండీల పొడుగు కోటు, తలమీద టోపీ, మెలి తిరిగిన మీసం, కాళ్లకు నల్లటి తోలు బూట్లు. ఆ వేషం చూసి మొదట్లో ఎవరో వేళాకోళానికి అన్న మాట అలాగే అతుక్కుపోయింది. హాజరు వేసే గుమాస్తా కూడా అసలు పేరు మరిచిపోయి, "దొరగారొచ్చారా?" అని అడిగేవాడు. ఇంట్లో భార్య అయితే, "దొరగారూ, కోటు విప్పేశారుగా, ఇక ఆ బకెట్టు ఇలా అందుకోండి" అనేది.

ఆమె అదే హోటల్లో బట్టలు ఉతికే విభాగంలో ఇస్త్రీ పని చేసేది. దొర ఉద్యోగానికి ఇచ్చిన ఒంటి గదిలో, హోటలు వెనక, నీళ్లు కాగే బాయిలరు గోడకు ఆనుకుని వాళ్ల కాపురం. కాలేజీలో చదువుతున్న కూతురు ఒక్కతే. చలికాలంలో ఆ గోడ వెచ్చగా ఉండేది. వేసవిలో మాత్రం దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది.

దొరకు ఈ పని నేర్పినవాడు తనకు ముందు ఆ తలుపు దగ్గర నిలబడ్డ ముసలాయన. "ఒరేయ్, నువ్వు తలుపు తీస్తావు. వచ్చేవాడు తట్టుకుని పడకుండా గడప చూసుకుంటాడు. అంటే వాడు ముందు చూసేది నీ మొహం కాదు, నీ బూట్లు" అని చెప్పాడట. దొర ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. సెలవు రోజు పొద్దున్నే గది మెట్టుమీద పాత పేపరు పరిచి, బూట్ల తాళ్లు ఊడదీసి కూర్చునేవాడు. తడిగుడ్డతో దుమ్ము తుడిచేవాడు. పాత టూత్‌బ్రష్షుతో అంచు కుట్లలో ఇరుక్కున్న మట్టి లాగేవాడు. చిరిగిన బనీను ముక్కను వేళ్లకు బిగించి చుట్టుకుని, డబ్బాలోంచి మైనం పాలిష్ కొద్దిగా అద్ది, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రాసేవాడు. ఆరనిచ్చి, బ్రష్షు వేసి, ఒక్క నీటి చుక్క చిలకరించి మళ్లీ పల్చగా ఇంకో పొర. పొర మీద పొర ఎక్కేకొద్దీ ముందు మసకగా, తర్వాత నిగనిగలాడుతూ, చివరికి మెట్టు పక్కనున్న తీగమీద ఆరేసిన బట్టలు కూడా ఆ బూట్ల ముక్కుల్లో కనబడేవి.

"పెళ్లయ్యాక నా మొహాన్ని ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అనేది భార్య.

"నీ మొహానికి పాలిష్ ఎందుకే? అదే మెరుస్తుంది."

"అబ్బో! మాటలకేం తక్కువలేదు. లేవండి, టీ చల్లారిపోతోంది."

అలా గడిచిపోయే రోజుల్లో ఆయనకు షుగరు వచ్చింది. హోటలుకు దూరంగా ఉన్న ఒక చిన్న క్లినిక్కులో రక్తం చూసి చెప్పారు. మాత్రలు రాసిచ్చారు. దొర వాటిని గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు, గుర్తొచ్చినా ఎవరైనా చూస్తున్నప్పుడు వేసుకునేవాడు కాదు. ఇంట్లో చెప్పలేదు. చెబితే భార్య నోట్లోంచి ఇస్త్రీ గదికి, ఇస్త్రీ గదిలోంచి ఆఫీసుకు పాకుతుందని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. లిఫ్టు నడిపే ఆయన మోకాలు పట్టేసి కుంటడం మొదలుపెట్టాక, "ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి" అని మర్యాదగా పంపేశారు. మర్యాదగానే గది కూడా ఖాళీ చేయించారు. ఆయన ఇల్లాలు మంచం కోళ్లు ఊడదీస్తూ ఎవరి కంటా పడకుండా తల వంచుకునే ఉండటం దొర చూశాడు. సాయం చేద్దామని వెళ్లి కూడా, ఆమె కళ్లెత్తకపోయేసరికి వెనక్కి వచ్చేశాడు.

కాళ్లలో మొదట చీమలు పాకినట్టుండేది. తర్వాత చీమలు పోయాయి, హమ్మయ్య అనుకున్నాడు. చీమలతోపాటు నేల కూడా పోయిందని ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు పాదంమీద వేడి టీ ఒలికింది. కూతురు "నాన్నా!" అని అరిస్తే ఏమైందని చుట్టూ చూశాడు. ఎర్రగా కమిలిన చర్మాన్ని చూశాకే తన కాలు కాలిందని తెలుసుకుని, ఆ పిల్ల కోసం "అబ్బా" అన్నాడు.

ఆ ఏడాది హోటలువాళ్లు అందరికీ కొత్త బూట్లు ఇచ్చారు. అవి తోలువి కావు. పాలిష్ అక్కర్లేదు, తుడిస్తే చాలు, ఎప్పుడూ ఒకటే మెరుపు. మునివేళ్ల దగ్గర సన్నగా, ఇరుకుగా ఉన్నాయి. నీరు పట్టి ఉబ్బిన దొర పాదాలు వాటిలో సగం కూడా దూరలేదు. పెద్ద సైజు కావాలని అడిగితే, "ఎందుకు, కాళ్లకేమైనా అయిందా?" అని అడుగుతారు. అందుకని వాటిని పెట్టెతో సహా మంచం కిందకి తోసేసి, పాత తోలు బూట్లతోనే నెట్టుకొచ్చాడు. ఆయన మెరుపు ముందు కొత్తవాటి మెరుపు ఎంత? ఎవరూ తేడా పట్టలేదు.

కానీ తోలుకు కూడా ఆయుష్షు ఉంటుంది. వానాకాలంలో తడిసిన బూట్లను దొర ఎప్పుడూ బాయిలరు గోడకు ఆనించి ఆరబెట్టేవాడు. పొద్దుటికి పొడిగా ఉండేవి. ఆ వేడి తోలులోని జీవాన్ని కొద్దికొద్దిగా పీల్చేసింది. వేళ్లు వంగే చోట ముందు గీతల్లా, తర్వాత బీటల్లా పగుళ్లు వచ్చాయి. ఎడమ బూటు అడుగు నోరు తెరిచింది.

వీధి మలుపులో బూట్లు కుట్టే ఆయన దాన్ని అటూ ఇటూ వంచి చూసి పెదవి విరిచాడు.

"చచ్చిపోయిన తోలు ఇది, దొరా. కొత్త అడుగు వేద్దామన్నా కుట్టు నిలవదు. చిరిగిపోతుంది."

"పాలిష్‌తో సర్దుకోదా?"

"మైనం రాస్తే మెరుస్తుంది గాని బతుకుతుందా? నా మాట విని కొత్తవి తీసుకో."

దొర విన్నాడు గాని వినిపించుకోలేదు. ఇంటికొచ్చి తనే వైద్యం మొదలుపెట్టాడు. నూనె రాసి చూశాడు. తోలు ఆ నూనెను తాగినట్టే తాగి, మర్నాటికి మళ్లీ ఎండిపోయింది. అప్పుడు కొవ్వొత్తి వెలిగించి, మైనాన్ని చెంచాలో కరిగించి, అందులో పాలిష్ కలిపి పగుళ్లలో పోశాడు. వేడి చెంచా వెనక భాగంతో దాన్ని నునుపుగా రుద్దాడు. పైన పాలిష్, నీటి చుక్క, మళ్లీ పాలిష్. చూసినవాడు కొత్త బూటంటాడు. నాలుగడుగులు వేస్తే మాత్రం పెంకు పగిలి మళ్లీ బీట తేలేది. అందుకే పని వేళల్లో కదలడం తగ్గించుకున్నాడు. తలుపు దగ్గర కొయ్యబారి నిలబడేవాడు. "దొరగారిప్పుడు మరీ దొరగారైపోయారు, మనతో టీకి కూడా రావట్లేదు" అని సామాన్లు మోసే ఆయన ఎత్తిపొడిచాడు. బండి నిండా పెట్టెలు తోసుకుంటూ తిరిగే ఆయనను అందరూ లగేజీ అనేవాళ్లు. మాట కరుకు గాని మనసు మంచిది.

నోరు తెరిచిన అడుగును దొర చిన్న మేకులతో తనే కొట్టాడు. అందులో ఒకటి లోపలికి మొన తేలింది. మామూలు మనిషైతే మొదటి అడుగులోనే ఎగిరి గంతేసేవాడు. ఆయన మాత్రం దానిమీదే రోజంతా నిలబడ్డాడు. మర్నాడు కూడా నిలబడ్డాడు.

భార్య ఉతకబోయిన సాక్సు పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏమండీ, ఇదేంటి?"

"పాలిష్."

"పాలిష్ లోపలికెలా వస్తుంది?"

"ఎండకి కరిగి దిగుంటుందిలే. దానికింత రాద్ధాంతమెందుకు?"

ఆమె సాక్సు మళ్లీ ఒకసారి తిప్పి చూసింది. కుళాయి కింద చన్నీళ్లు పోసి వేలితో రుద్దింది. నల్లగా ఉన్న మరక అంచులు గోధుమ రంగుకు తిరిగి, తర్వాత ఎర్రగా నీళ్లలో పారాయి. రోజుకు బోలెడు దుప్పట్ల మరకలు చూసే మనిషి ఆమె.

"పాలిష్ మరక చన్నీళ్లకు కదలదండీ. ఇది కదిలింది. కాలు చూపించండి."

"నీకు మరకల పిచ్చి పట్టింది! ఇంట్లో కూడా ప్రశాంతంగా ఉండనివ్వవా?" అని దొర గట్టిగా అరిచాడు. అంతకుముందు ఆమెమీద ఆయన ఎప్పుడూ గొంతెత్తలేదు. కూతురు పుస్తకంలోంచి తలెత్తి చూసింది. ఆమె సాక్సు పిండి తీగమీద వేసి లోపలికి వెళ్లిపోయింది.

ఇద్దరూ బయటికి వెళ్లాక దొర తలుపు గడియ పెట్టుకుని పాదం తిప్పి చూసుకున్నాడు. బొటనవేలి కింద గుంట పడింది. అందులో వేలు పెట్టినా నొప్పి లేదు. నొప్పి ఉంటే బాగుండునని ఆయనకు జీవితంలో మొదటిసారి అనిపించింది. బూటులోంచి మేకును పటకారుతో పీకేసి, గుంటలో దూది కుక్కి, పైన గుడ్డ చుట్టాడు. మేకు పోయింది కదా, అదే మానుతుందనుకున్నాడు. ఆ రోజునుంచి తన సాక్సులు తనే ఉతుక్కున్నాడు.

అది మానలేదు. వాసన మొదలైంది. ముందు తనకొక్కడికే తెలిసేది. తర్వాత గుమ్మంలో లగేజీ ముక్కు ఎగబీల్చి, "ఎక్కడో ఎలక చచ్చినట్టుంది, దొరా" అన్నాడు. దొరకు పైప్రాణాలు పైనే పోయాయి. అప్పటినుంచి రోజూ పాలిష్ చేయడం మొదలుపెట్టాడు. బూట్ల లోపల కూడా రాశాడు. పాలిష్ ఘాటు పుండు వాసనను కప్పేస్తుందని ఆయన ఆశ. "ఈ కంపుకి తల తిరిగిపోతోంది నాన్నా, కిటికీ తెరవొచ్చా?" అని కూతురు అడిగితే, "తెరువమ్మా, తెరువు" అంటూ కాళ్లు మంచం కిందకి లాక్కునేవాడు.

ఇంతలో కొత్త మేనేజరు అందరినీ వరండాలో నిలబెట్టాడు. "ఎల్లుండి యజమానులు వస్తున్నారు. గుమ్మం దగ్గరి మనిషిని చూసి హోటలు ఎలా ఉందో చెప్పేస్తారు వాళ్లు. తలనుంచి పాదం దాకా ఎక్కడా చిన్న తేడా కనబడకూడదు" అంటూ దొర వైపు చూసి నవ్వాడు. అది మెచ్చుకోలే. అయినా దొర ఎడమ కాలు కుడి కాలి వెనక్కి జరుపుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. భార్య పొద్దుటి పనికి ముందే వెళ్లిపోయింది. కూతురు బస్సుకు పరుగెత్తింది. దొరకు ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా మెట్టుమీద పేపరు పరిచాడు. పగుళ్లలో ఎండిన పాత మైనమంతా గోకేశాడు. కొత్తగా కరిగించి పోశాడు. చేతులు వణికి చెంచా రెండుసార్లు జారింది. పొరలమీద పొరలు వేశాడు. వేళ్లు లాగేస్తున్నా ఆపలేదు. ఆఖరి పొర రుద్దేసరికి ఆ బూట్లు ఆయన జన్మలో చేసిన పనులన్నిటిలోకీ గొప్పగా మెరిశాయి. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. వాటిని చూసి దొర వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎడమ పాదం దూరలేదు. లోపలి అట్ట పీకేశాడు. దూది పీకేశాడు. తాళ్లు పూర్తిగా వదులు చేసి, మడమ దగ్గర చెంచా పెట్టి తోశాడు. పాదం లోపలికి జారింది. ఏదో తడిగా పిసికినట్టు తెలిసింది. అది కాలికి కాదు, చెవికి తెలిసింది.

గుమ్మంలో నిలబడ్డాడు. వచ్చేవాళ్లకు తలుపు తీశాడు, వెళ్లేవాళ్లకు తీశాడు. వాన మొదలైంది. మధ్యాహ్నానికి అద్దాల తలుపు అవతలి కార్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నట్టు కనిపించాయి.

"దొరా, ఇంత చల్లగాలిలో ఆ చెమటలేంటి? పోయి కూర్చో. వాళ్లొచ్చినప్పుడు పిలుస్తాలే" అన్నాడు లగేజీ.

"వాళ్లు చూసి వెళ్లనీ, అన్నా. ఈ ఒక్క పూట."

"ఎవరు, యజమానులా? వాళ్లు ఎప్పుడో వచ్చేశారుగా! వాన పడుతోందని కింద కార్లు పెట్టేచోట దిగి, లిఫ్టెక్కి నేరుగా పైకి పోయారు. భోజనాలు కూడా అయిపోయుంటాయి."

దొర అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక ఒక వింత నవ్వు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే తలుపు పిడిమీద ఉన్న చెయ్యి జారింది. మోకాళ్లు మడిచినట్టు కూలిపోయాడు. అప్పుడే లోపలికి వస్తున్న ఒకావిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పక్కనుంచి దాటుకుపోయింది. లగేజీ పెట్టెల బండిలోని సామానంతా నేలమీదకి నెట్టేసి, దొరను చంకల కింద పట్టి బండిమీదకి లాగి, వెనక దారిన ఇస్త్రీ గదికి తోసుకుపోయాడు.

"చెల్లెమ్మా! చెల్లెమ్మా, ఇటు రా!"

ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చింది. బండిమీద మొగుణ్ని చూసింది. మొహం చూడలేదు, వంగి ఎడమ బూటు దగ్గర వాసన చూసింది. "ఆటో పిలువు అన్నయ్యా" అంది.

ఆస్పత్రిలో నర్సు బూటు లాగి చూసింది. రాలేదు. కాలు లోపల వాచి బిగుసుకుపోయింది. ఆమె పెద్ద కత్తెర తెచ్చింది. అంతవరకూ మత్తుగా పడి ఉన్న దొర ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు.

"కోయొద్దమ్మా! నీకు దండం పెడతా, కోయొద్దు!"

"నొప్పి తెలీదు, పడుకోవయ్యా. బూటే కోస్తున్నా."

"ఆ బూటే వద్దంటున్నా! అది పోతే ఉద్యోగం పోతుంది. గది పోతుంది. కాలిని ఏమన్నా చేసుకోండి, బూటు జోలికి రావొద్దు!"

నర్సు చేతిలో కత్తెరతో ఆగిపోయి, ఆయన భార్య వైపు చూసింది. ఆమె దొర తలను తన పొట్టకు అదుముకుంది, ఆయన చూడకుండా చేత్తో కళ్లు మూసింది.

"కోసేయండి."

కత్తెర ముందు జారింది. మైనం పొరలు అంత మందంగా ఉన్నాయి. గట్టిగా నొక్కేసరికి పెంకులు పెంకులుగా చిట్లి తెల్లటి దుప్పటి నిండా రాలాయి. కింద తోలు మాత్రం పాత కాగితంలా చిరిగిపోయింది. కళ్లకు ఆమె చెయ్యి అడ్డం ఉన్నా దొరకు ఆ చప్పుడు వినబడింది. పశువులా మూలిగాడు.

వేళ్లన్నీ నల్లబడిపోయాయి. పాదం ముందు భాగం తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారు డాక్టరు. భార్య ఒప్పుకోలు కాగితంమీద వేలిముద్ర వేయలేదు, సంతకం పెట్టింది. తర్వాత వరండా చివరికి వెళ్లి, గోడవైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుంది.

మెలకువ వచ్చాక దొర దుప్పటి మొహంమీదకి లాక్కున్నాడు. మూడో పూటకు ఆమే అడిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆపేదానివి."

"ఆపేదాన్నే. కాలుండేది."

"గది పోయేది."

"పిల్లను పెట్టుకుని వీధిలో పడుకునేవాళ్లమా? ఏదో ఒకటి చూసుకునేవాళ్లం కదా! ముగ్గురం కలిసి చూసుకునేవాళ్లం. మీరొక్కరే మాకోసం అని కూర్చుని ఇంత పని చేశారు" అంటూ ఆమె ఆయన చేతిమీద ఒక్కటి కొట్టింది. కొట్టిన చేతినే పట్టుకుని ఏడ్చింది.

గది ఖాళీ చేయమన్న మాట మేనేజరు స్వయంగా చెప్పాడు, ఆస్పత్రికి పళ్లు పట్టుకొచ్చి మరీ చెప్పాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. గుమ్మానికి కొత్త మనిషిని తీసుకున్నారు, ఆ మనిషికి గది కావాలి. దొర భార్య వెళ్లి కాళ్లావేళ్లా పడింది. చివరికి ఇస్త్రీ గది పెద్దావిడ కల్పించుకుంది. ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటుందని ఆమెను వెనకాల గంజమ్మ అనేవాళ్లు. "ఈ మనిషి వెళ్లిపోతే నీ హోటలు దుప్పట్లు నువ్వు ఇస్త్రీ చేస్తావా? గది ఈమె పేర రాయి" అంది. రాశారు. బదులుగా దొర భార్య సాయంత్రం పని కూడా నెత్తినేసుకుంది. ఇంటికొచ్చేసరికి నిలబడే ఓపిక ఉండేది కాదు.

ఆ రోజులు దొరకు ఆస్పత్రికన్నా ఘోరంగా గడిచాయి. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ముందువైపు కార్ల హారన్లు వినబడితే చెయ్యి దానంతటదే లేవబోయేది. వెడల్పుగా, మెత్తగా ఉండే చెప్పులు వేసుకోమన్నారు డాక్టరు. వాటిని వేసుకుని గడప దాటనని మొండికేశాడు. "నన్ను ఆ బండిమీదే వదిలేయాల్సింది" అన్నాడొకసారి. భార్య పళ్లెం ఆయన ముందు టక్కున పెట్టి, "ఆ మాట ఇంకోసారంటే, నేనూ అదే బండెక్కుతాను. తినండి" అంది. తిన్నాడు. రోజూ పొద్దున్నే కూతురు వచ్చి కుడి కాలు తిప్పి తిప్పి, వేళ్ల సందుల్లో సహా చూసి కాలేజీకి వెళ్లేది. ఆయన సిగ్గుతో మొహం తిప్పుకునేవాడు. ఆ పిల్ల మాత్రం చూసేదాకా కదిలేది కాదు.

కొన్నాళ్లకు గంజమ్మే కబురు పంపింది. కూర్చుని తువ్వాళ్లు మడత పెట్టే పని ఉందట. చుట్టూ ఆడవాళ్లు, ఆవిరి, మధ్యలో స్టూలుమీద మీసాలతో దొర. అంచుకు అంచు కలిపి మడవమంటే ఆయన మడత ఎప్పుడూ ఓ పక్కకు ఒరిగేది. "దొరగారూ, ఇది తువ్వాలా, పల్లకీ బోయీ తలపాగానా?" అని నవ్వేవాళ్లు. మొదట్లో ఆయన మొహం మాడేది. తర్వాత్తర్వాత తనూ నవ్వేవాడు, అదీ ఎప్పుడైనా. చాలా పూటలు తువ్వాలు ఒళ్లో పెట్టుకుని ఎటో చూస్తూ ఉండిపోయేవాడు. భార్య దూరంనుంచి గమనించి ఆయన వాటా కూడా మడిచిపెట్టేది.

ఒక మధ్యాహ్నం పని మధ్యలో ఆయన కుడికాలి చెప్పు విప్పాడు. పాదం మోకాలిమీదకి లాక్కుని చాలాసేపు చూశాడు. చిటికెన వేలి పక్కన కందిపోయినట్టు ఒక మచ్చ. నొక్కితే ఏమీ తెలియలేదు. ఒకసారి పాదాన్ని కిందకి దించేశాడు. తువ్వాలు అందుకున్నాడు. మళ్లీ పక్కన పెట్టాడు.

"ఏమే, ఒకసారి ఇలా రా" అని పిలిచాడు. ఆవిరి చప్పుడులో ఆమెకు వినబడలేదు. ఈసారి గదంతా తలెత్తి చూసేలా పిలిచాడు. "నా కాలు చూడు, ఇక్కడేదో ఎర్రగా ఉంది. నాకు భయంగా ఉంది."

ఆమె ఇస్త్రీ పెట్టె ఆపేసి వచ్చి, మోకాళ్లమీద కూర్చుని ఆ మచ్చ చూసింది. మంచిదో చెడ్డదో ఆమెకూ తెలియలేదు. గంజమ్మ వైపు తిరిగి, "అమ్మా, మేం ఆస్పత్రికి వెళ్లొస్తాం" అంది. ఆవిడ జవాబు చెప్పేలోపే ఆయన భుజం కింద తన భుజం ఆనించి లేవదీసింది. ఇద్దరూ మెల్లగా వెనక గుమ్మంలోంచి బయటపడి ఆటో కోసం నిలబడ్డారు.